రేవున మెట్లున్నాయా?



క్రిస్మస్ దినములు ముగిసిన తరువాత మా సంఘములోని యౌవనస్థులు ఒక కోరికతో మా ఇంటికి వచ్చారు. గండికోట చూడాలి, పడవ ఎక్కాలి, సాయంకాలానికి తిరిగి రావాలి. మంచి కోరికే. సరేనన్నాము. తరువాతి ఆదివారము ఆరాధన అయిన పిమ్మట ఆ మాట అందరిలో చెప్పాము. పిల్లలు సంతోషించారు. అందరూ బయటికి పోయినాక వెనుక చాప మీద కూర్చున్న ఒక అవ్వ మెల్లగా లేచి మా దగ్గరకు వచ్చింది.

"అయ్యగారూ, పిల్లోళ్లను పడవ ఎక్కిస్తారంట. ఆడ మెట్లుండాయా?" అని అడిగింది.

మాకు వెంటనే అర్థము కాలేదు. "ఉంటాయిలే అవ్వా" అన్నాము. ఇంటికి వచ్చి అన్నము ముందు కూర్చున్నాక గాని ఆ ప్రశ్న మాకు తగలలేదు.

పన్నెండేండ్ల క్రితము ఆ అవ్వ మనుమడు మా ఊరి దగ్గరి కాలువలో పోయాడు. పదునాలుగేండ్ల పిల్లవాడు. ఎనుములను కడగడానికి దిగాడు. ఈత రానివాడు కాదు. కాని నిండుగా పారే కాలువ, ఏటవాలుగా సిమెంటు పూసిన గట్టు, దాని మీద పాచి. ఎక్కబోయిన ప్రతిసారీ జారాడు. పట్టుకొనడానికి మెట్టు లేదు, గొలుసు లేదు, ఒక చెట్టు వేరైనా లేదు. దొరికినప్పుడు వాని వ్రేళ్ల కొనలు గీచుకొనిపోయి ఉన్నాయి. సమాధి కార్యక్రమము జరిపినది మేమే. ఓదార్పు మాటలు చెప్పాము, ప్రార్థించాము. ఆ గట్టున మెట్లు లేవన్న మాట మాత్రము ఆ దినమున మా నోట రాలేదు. ఈ పన్నెండేండ్లలోనూ రాలేదు.

అందుచేత పిల్లలను తీసుకొనిపోయే ముందు మేమే వెళ్లి చూచి రావాలని తీర్మానించుకొన్నాము. మేము, ఒక సంఘపెద్ద, రిటైరైన ఒక బడిపంతులుగారు, ముగ్గురమూ పంతులుగారి కారులో రెండు దినములు తిరిగాము. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో నీటి మీదికి పోయే మనిషికి ఒడ్డున ఏమి ఏర్పాటు ఉండాలి, ఏమి ఉన్నది అని చూడడమే మా పని. ఆ సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాము.

పడవల కొరకు త్రవ్విన కాలువ

ముందు మన కాలువ సంగతి చెప్పాలి. కె.సి. కాలువ అంటే కర్నూలు–కడప కాలువ. మనలో చాలమందికి అది వరి మడికి నీళ్లిచ్చే కాలువ మాత్రమే. కాని అది పైరుకు ఎంతగా ఉద్దేశింపబడినదో పడవకూ అంతే ఉద్దేశింపబడినది. లండనులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863కు, 1870కి మధ్య దీనిని త్రవ్వించింది. ఆ కంపెనీ వెనుక ఉన్న ఆలోచన సర్ ఆర్థర్ కాటన్ దొరగారిది. నదులన్నిటినీ కాలువలతో కలిపితే పంటా పండుతుంది, పండిన పంట పడవ మీద పట్టణానికీ పోతుంది అని ఆయన నమ్మకము. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి నూటికి అయిదు చొప్పున వడ్డీ తప్పక ఇస్తామని ప్రభుత్వము కంపెనీకి హామీ ఇచ్చింది.

తుంగభద్ర మీద కర్నూలుకు ఎగువన ఉన్న సుంకేశుల దగ్గర మొదలై, కాలువ సుమారు 306 కిలోమీటర్లు నడచి కడప దాపునకు వస్తుంది. కర్నూలు దగ్గర హంద్రీ నదిని వంతెన మీద దాటుతుంది. బండ్లు పోయే వంతెనలు మనము చూచాము; అక్కడ కాలువే వంతెన మీద పోతుంది. మిట్టకందాల దగ్గర మిట్టను కోసి, కృష్ణా వాలులోని నీటిని పెన్నా వాలులోనికి దింపారు. తరువాత కుందూ నది మీద రాజోలి ఆనకట్ట, పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట. మన ప్రొద్దుటూరు, చాపాడు, మైదుకూరు పల్లెలకు వచ్చే నీరు ఇలా వచ్చినదే.

ఎగువ నుండి దిగువకు నీరు దూకే చోట పడవ దూకలేదు గదా! అందుకు లాకులు కట్టారు. కాలువలో రాతి గోడల మధ్య ఒక గది. ముందొక తలుపు, వెనుకొక తలుపు. పడవ గదిలోనికి వచ్చినాక పై తలుపు మూసి, నీటిని మెల్లగా క్రిందికి వదలుతారు. నీటితో కూడ పడవ మెట్టు దిగినట్లు దిగుతుంది. క్రింది నీటి మట్టము రాగానే క్రింది తలుపు తెరుస్తారు. కర్నూలు వైపు ఈ కాలువ మీద లాకిన్సుల అనే చోటున్నది. ఆ పేరు పలుకుతుంటేనే లాకు అన్న మాట చెవిన పడుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాలలో పెద్దవాళ్లకు ఇప్పటికీ లాకులంటే తెలుసు. అక్కడ గాలి లేనప్పుడు మనుష్యులు గట్టు మీద నడుస్తూ మోకుతో పడవను లాగేవారు. అంటే పడవ కాలువ అంటే నీరు ఒక్కటే కాదు. లాగేవాడు నడవడానికి గట్టు బాట కావాలి. సరుకు దించడానికి రేవు కావాలి. లాకు తిప్పేవాడు అక్కడే ఉండాలి. నీటి మీద పోయే మనిషిని గురించి ఒడ్డు మీద ఆలోచించాలి. లాభము కొరకు వచ్చిన కంపెనీకి ఈ సంగతి తెలుసు.

కాని ఆ లాభము రాలేదు. కాలువ పూర్తి అయిన కాలములోనే, 1871లో, మద్రాసు నుండి కడప, ముద్దనూరు, గుత్తి మీదుగా రాయచూరుకు రైలు దారి కూడ పూర్తి అయినది. కాలువలో నీరు ఏడాది పొడుగునా ఉండదు. రైలు ఏడాది పొడుగునా నడుస్తుంది. నల్లరేగడిలో వానతోనే జొన్న, ప్రత్తి పండించుకొనే రైతులు నీటితీరువా కట్టి కాలువ నీరు తీసుకొనడానికి మొదట ముందుకు రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వము ఈ కాలువను కంపెనీ నుండి కొనివేసింది. 1933లో పడవల రాకపోకలు మానిపించి, దీనిని పూర్తిగా సాగునీటి కాలువగా చేసింది. ఇప్పుడు రెండు జిల్లాల పాత ఆయకట్టు కలిపి రెండున్నర లక్షల ఎకరాలకు పైగా దీని క్రింద ఉన్నది. 1996 తరువాత జపాను అప్పుతో కాలువను బాగుచేశారు. నీరు ఇంకిపోకుండ గట్లకు లైనింగు వేసే పని అందులోనిదే. చివరి పొలాలకు కూడ నీరు చేరడానికి అది అవసరమైన పనే. ఎవరూ కాదనరు.

అయితే పడవ పోయినప్పుడు పడవతోపాటు మరొకటి కూడ పోయింది. కాలువలో మనిషి ఉంటాడన్న తలంపు పోయింది. ఇంజనీరు లెక్కలో కాలువ అంటే నీరు. కాని గుడ్డలుతికే అక్కలు, ఎనుములను తోలుకొని వచ్చే పిల్లలు, కాళ్లు కడుగుకొనే కూలివాళ్లు కాలువను వదలలేదు. నున్నని గట్టు నీటికి మంచిది. జారిపడిన మనిషికి అదే గోడ.

పులివెందుల వైపు

మొదటి దినము పులివెందుల మీదుగా పార్నపల్లెకు వెళ్లాము. దారికి ఇరుప్రక్కల చీనీ తోటలు, అరటి తోటలు. మా చిన్నప్పుడు వేరుసెనగ తప్ప మరేమీ చూడని నేల. లింగాల మండలములో చిత్రావతి మీద కట్టిన బ్యాలెన్సింగ్ రిజర్వాయరును అందరూ సి.బి.ఆర్. అంటారు. సుమారు పది టి.ఎం.సి.ల నీరు పట్టే జలాశయము. 2022 డిసెంబరులో అక్కడ పడవల రేవు, నీటి ప్రక్కన భోజనశాల ప్రారంభించారు. కరవు సీమలో మనుష్యులు సరదాకు పడవ ఎక్కే దినము వస్తుందని మా తాతలు కలలోనైనా అనుకొని ఉండరు.

అక్కడ గట్టున కూర్చొని పంతులుగారు మాకొక పాఠము చెప్పారు. జలాశయములో నీరు ఏడాదంతా ఒకే మట్టములో ఉండదు. పొలాలకు వదిలినకొద్దీ దిగుతుంది, వరద వస్తే ఎక్కుతుంది. కాబట్టి ఒకే ఎత్తున కట్టిన రేవు నిండినప్పుడు మునుగుతుంది, తగ్గినప్పుడు బురద మీద నిలిచిపోతుంది. అప్పుడు మనుష్యులు బురదలో దిగి, పడవ అంచు పట్టుకొని, ఒకరి చేయి ఒకరు లాగుతూ ఎక్కాలి. ముసలివాళ్లు, చంటిబిడ్డ తల్లులు జారేది అక్కడనే. నీటితో కూడ లేచి, నీటితో కూడ దిగే తేలుడు రేవు, దానికి ఇరువైపుల పట్టుకొనే కమ్మీ, నీరు ఎంత తగ్గినా చివరి దాకా మెట్లు ఉంటేనే అది అన్ని కాలములకు రేవు అవుతుంది.

"అవ్వ అడిగింది ఇదే గదా!" అన్నాడు సంఘపెద్ద.

జమ్మలమడుగు, గండికోట

ఆ రాత్రి పులివెందులలో తోటి పాస్టరుగారి ఇంట ఉండి, మరుసటి ఉదయము ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరాము. క్యాంబెల్ ఆసుపత్రి దాపున టీ త్రాగి, పదిహేను కిలోమీటర్ల దూరములోని గండికోటకు బయలుదేరాము.

ఎర్రమల కొండలను కోసుకొంటూ పెన్న పారే చోటు అది. కోట, మాధవరాయస్వామి ఆలయము, జుమ్మా మసీదు, ధాన్యాగారము చూచి అంచుకు వచ్చేసరికి కాళ్ల క్రింద ఎర్రని రాతి గోడల లోయ. అడుగున ఆకుపచ్చని నీరు. పంతులుగారు ఒక్క అడుగు వెనక్కు వేశారు. మేము రెండు వేశాము. లోయకు ఎగువన గండికోట రిజర్వాయరు, దిగువన మైలవరం డ్యాము. ఒకనాడు వేసవిలో ఇసుక మాత్రమే కనబడిన పెన్నకు ఇప్పుడు రెండు చోట్ల నీటి నిలువ ఉన్నది. గండికోట రిజర్వాయరు ఒక్కటే 26.85 టి.ఎం.సి.లు పడుతుంది. ఆ నీటి క్రింద కొండాపురం మండలములోని పల్లెలున్నాయి. ఇండ్లు, పొలాలు, సమాధులు విడిచి వచ్చినవారు మన సంఘములలోనూ ఉన్నారు. ఆ నీటి మీద పడవ ఎక్కినప్పుడు పెద్దగా కేకలు వేయవద్దని మా పిల్లలకు చెప్పాలనుకొన్నాము.

గండికోట అభివృద్ధికి 2024లో కేంద్ర ప్రభుత్వము 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంతోషము. ఇంత సొమ్ము వచ్చినప్పుడు అందరి కన్నూ పెద్ద కట్టడముల మీద, రంగుల దీపముల మీద ఉంటుంది. మేము చిన్న సంగతులు అడుగుతాము. స్త్రీలకు నీళ్లున్న మరుగుదొడ్డి, తడిసిన బట్టలు మార్చుకొనే గది, త్రాగే నీటి కొళాయి, ఎండకు నిలువ నీడ, పట్టుకొని దిగే మెట్లు. మన అక్కచెల్లెళ్లు ఇటువంటి ప్రయాణమునకు వచ్చినప్పుడు ఉదయము నుండి నీళ్లు త్రాగరు. ఎందుకు త్రాగరో మగవారమైన మేము ఎన్నడూ అడుగలేదు. ఈసారి ఇంట్లో అడిగితే, "తాగితే యాడికి పోవాల?" అన్నారు. ఆ ఒక్క మాటలో పర్యాటక శాస్త్రమంతా ఉన్నది.

లెక్కపెట్టనివారు

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేండ్ల క్రితము వేరొక జిల్లాలో ఒక రేవున సంఘముతో పడవ ఎక్కాము. ఊరి పేరు ఎందుకులే. ముప్పది ఒక్కరిమి ఎక్కాము. ఎవరూ మమ్మును లెక్కపెట్టలేదు, ఎవరి పేరూ వ్రాసుకోలేదు. లైఫ్ జాకెట్లు కొన్ని ఉన్నాయి. వాటికి బకిళ్లు లేక పురికొసతో కట్టారు. చిన్నపిల్లలకు పెద్దవాళ్లవి తొడిగితే మెడలో నుండి జారిపోయేవి. "ఏమీ కాదులే సార్" అన్నారు. ఏమీ కాలేదు కూడ. తిరిగి వచ్చి ఆ మాట చెప్పుకొని నవ్వుకొన్నాము. అది నవ్వవలసిన సంగతి కాదు.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం ప్రాంతములోని కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ అనే పడవ మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. బ్రతికి బయటపడినవారు 26 మంది. పాపికొండలు చూడాలని పిల్లాపాపలతో బయలుదేరిన కుటుంబములవి. పడవ ఎక్కే ముందు పేర్లు వ్రాయడము, జాకెట్టు తొడిగించడము, వరద ఎంత ఉన్నదో చూడడము, ఇవన్నీ ఒడ్డున జరిగే పనులు. నీటి మీదికి పోయినాక ఏదీ జరుగదు. 1917 నాటి పాత చట్టము స్థానములో 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టము పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ, నడిపేవానికి యోగ్యతా పత్రము, ప్రాణరక్షణ సామగ్రి కావాలంటున్నది. చట్టము ఉన్నది గనుక అడగడము మన హక్కు. అడిగితే సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇంగ్లాండులో కూడ పాత కాలువలు రైలు ముందు ఓడిపోయాయి. కాని వాటిని పూడ్చకుండ విహారమునకు వాడుకొంటున్నారు. అక్కడ 2012 నుండి కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అనే ధర్మసంస్థ సుమారు రెండువేల మైళ్ల జలమార్గములను చూసుకొంటున్నది. పడవ గలవాడు ఏటేటా లైసెన్సు రుసుము కడతాడు. అందుకు బదులుగా గట్టున అక్కడక్కడ త్రాగునీటి కొళాయి, మురుగు పారబోసే చోటు, పడవ కట్టుకొనే ఏర్పాటు ఉంటాయి. మనకు అంత విహారము అక్కరలేదు. కాని పడవకు ముందు గట్టును చూడాలన్న సంగతి నేర్చుకొనదగినదే.

తిరుగు ప్రయాణము

సాయంకాలము ప్రొద్దుటూరు మీదుగా వచ్చాము. 2016లో ఎర్రగుంట్ల–నంద్యాల రైలు దారి పూర్తి అయినందున ఇప్పుడు ప్రొద్దుటూరులోనూ, జమ్మలమడుగులోనూ రైలు ఎక్కవచ్చును. ప్రొద్దుటూరు స్టేషనులో కొంచెము సేపు ఆగాము. ప్లాట్‌ఫారము, నీడ, బెంచీ, టికెట్టు కిటికీ. రైలు రెండు నిమిషములు మాత్రమే ఆగుతుంది. మిగిలిన సమయమంతా మనిషి గడిపేది ప్లాట్‌ఫారము మీదనే. ప్లాట్‌ఫారము లేకుండ రైలును ఎవరూ ఊహించరు. రేవు లేకుండ పడవను మాత్రము మనము ఊరకే ఒప్పుకొంటాము.

ప్రొద్దు గూకేవేళ మా ఊరి కాలువ దగ్గర కారు ఆపించాము. నీరు నిండుగా పారుతున్నది. ఇద్దరు ఆడవాళ్లు ఏటవాలు గట్టు మీద చెప్పులు విడిచి, మడమలు ఆనించి గుడ్డలు జాడిస్తున్నారు. ఒకామె నడుముకు చీర కొంగు బిగించి, రెండవ ఆమె దాని కొసను పట్టుకొన్నది. ఆ కొంగే వారికి కమ్మీ, అదే గొలుసు.

ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి; దాని మీది నుండి ఎవరైనా పడితే ఆ ప్రాణము విషయములో ఇంటివాడే దోషి. మన సీమవాళ్లకు మిద్దె అంటే చెప్పనక్కరలేదు. వేసవిలో పండుకొనేది అక్కడనే. ఈ ఆజ్ఞ మీద మేము రెండు మూడు పర్యాయములు ప్రసంగించి ఉంటాము. కాలువ గట్టున నిలువబడినప్పుడు గాని అది మాకు వినబడలేదు. పడినవాడు జాగ్రత్తగా లేడని అనడము సులువు. కట్టినవాడు, వాడుకొనేవాడు, చూస్తూ ఊరకున్నవాడు ఏమి చేశారని ఆ ఆజ్ఞ అడుగుతున్నది.

ఆ ఆదివారమే సంఘములో మాట్లాడుకొన్నాము. 1997 నాటి చట్టము ప్రకారము రైతుల నీటి సంఘములు ఉండనే ఉన్నాయి. కాలువ గట్టును మనము స్వంతముగా త్రవ్వకూడదు, కట్టకూడదు; అనుమతి కావాలి. కాబట్టి నీటి సంఘమువారితో కలిసి ఒక ఉత్తరము వ్రాశాము. గుడ్డలుతికే చోట మెట్లు, మెట్ల ప్రక్కన ఇనుప గొలుసు, ఎనుములు దిగే చోట వేరే వాలు, లోతు తెలిపే బోర్డు, ఈ నాలుగే అడిగాము. నూట పండ్రెండు మంది వ్రేలిముద్రలు, సంతకములు పెట్టారు. మన సంఘమువారే కాదు, ఊరివారందరూ పెట్టారు. ఉత్తరము ఇచ్చి వచ్చాము. మరల వెళ్లి అడుగుతాము.

అంతవరకు ఊరకుండలేదు. యౌవనస్థులు ఒక లారీ ట్యూబుకు గాలి నింపి, దానికి ఇరువది గజముల నైలాను తాడు కట్టి, గట్టు మీది వేపచెట్టుకు తగిలించారు. ఎవరైనా పడితే దూకవద్దు, ట్యూబు విసరండి అని పలకల మీద వ్రాసి కట్టారు. ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు. మీ ఊరి దగ్గర కాలువ గాని, చెరువు గాని, క్వారీ గుంట గాని ఉంటే ఈ పని మీరూ చేయవచ్చును.

పిల్లలతో పడవ ప్రయాణమునకు వెళ్లే కుటుంబములకు మా మనవి ఇంతే. ఎక్కే చోట మెట్లు, పట్టుకొనే కమ్మీ ఉన్నాయేమో చూడండి. జాకెట్టు పిల్లవాని కొలతకు సరిపోవాలి, బకిలు పడాలి, దిగేదాకా తీయవద్దు. ఎంతమంది పట్టే పడవో అడగండి, మీరే లెక్కపెట్టండి. గాలి, వరద ఉంటే డబ్బు పోయినా సరే దిగి రండి. ఇవి లేని చోట ఒడ్డున కూర్చొని భోజనము చేసి రావడము కూడ మంచి ప్రయాణమే.

తాడు కట్టిన సాయంకాలము అవ్వ కఱ్ఱ పట్టుకొని కాలువ దగ్గరకు వచ్చింది. ఆ పన్నెండేండ్లలో ఆమె అక్కడికి రావడము అదే మొదటిసారి. తాడు చేత పట్టుకొని రెండుసార్లు గట్టిగా గుంజి చూచింది. ముడి నిలిచింది.

"మెట్లు ఎప్పుడు కడతారు?" అని అడిగింది.

"అడుగుతూనే ఉంటాము అవ్వా" అన్నాము. ఈసారి "ఉంటాయిలే" అనలేదు.